గోల్కొండ నుంచి చింతచెట్టు దాకా: సైకిల్ మీద మన షహర్ తారీఖ్



జుమ్మా రోజు సాయంత్రం మా అమ్మాయి బడి నుంచి వచ్చి, బ్యాగు సోఫాలో పడేసి అడిగింది: "అబ్బూ, మనం ఎక్కణ్ణుంచి వచ్చాం?"

తొమ్మిదో తరగతి పిల్ల. ఏదో సైన్సు సవాల్ అనుకున్నా. కాదు. సోషల్ పీరియడ్‌లో కుతుబ్‌షాహీల పాఠం అయ్యాక పక్కన కూర్చునే అమ్మాయి అడిగిందట, "మీవాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చారు?" అని. ఆ పిల్ల నియ్యత్‌లో ఖరాబీ ఏమీ లేదు. ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో తినే దోస్తులు. కానీ మా అమ్మాయి దగ్గర జవాబు లేకపోయింది. "ఇరాన్ అనాలా, అరబ్ అనాలా, దాదా ఊరు పాలమూరు అనాలా?" అంటోంది.

ఇన్నేళ్లుగా అఖ్బార్లలో పనిచేస్తున్నాను. ఎందరినో సవాళ్లు అడిగాను. నా దగ్గర కూడా ఒక్క జుమ్లాలో చెప్పే జవాబు లేదు. అందుకే అన్నాను: "ఐతారం ఫజర్ కాగానే సైకిల్ తీయి. చూపిస్తా."

కారు ఎందుకు వద్దని అడగొచ్చు. బయటి జిల్లాల నుంచి వచ్చే మన ఖాందాన్లు హైదరాబాద్ చూసే తీరు నాకు బాగా తెలుసు. కర్నూలు నుంచో ఖమ్మం నుంచో బండి కట్టుకుని వస్తారు. చార్మినార్ ముందు ఫోటో, లాడ్ బజార్‌లో గాజులు, ఏదో పెద్ద హోటల్లో బిర్యానీ, తిరుగు ప్రయాణం. పార్కింగ్ వెతకడంలోనే సగం రోజు గుజర్ అవుతుంది. గోల్కొండ ఒక రోజు, చార్మినార్ ఇంకో రోజు. ఈ రెంటి నడుమ ఒక పాత బాట ఉందనీ, ఈ షహర్ కథంతా ఆ బాట మీదే ఉందనీ ఖయాల్ రాదు. ఆ బాట ఒంటెల కోసం, ఎడ్లబండ్ల కోసం, కాలినడక కోసం పడింది. ఇవాళ దాన్ని చదవాలంటే సైకిలే సరైన సవారీ. మొత్తం కలిపి పది, పన్నెండు కిలోమీటర్లు. మధ్యలో ఆగుతూ, తింటూ పోతే ఒక పూట.

అబ్బా సైకిల్

నేనెక్కింది మా అబ్బా సైకిల్. ఆయన ఒక ఉర్దూ రోజ్‌నామాలో కాతిబ్. కంప్యూటర్ రాక ముందు ఉర్దూ అఖ్బార్ అంతా చేతిరాతే. రాత్రంతా కూర్చుని ఖలంతో ఖబర్లు రాసి, తెల్లవారుజామున ఇదే సైకిల్ మీద ఇంటికొచ్చేవారు. డైనమో లైటు పనిచేయకపోతే పోలీసు ఆపుతాడని దిగి నడిపించుకుంటూ వచ్చిన రాత్రులు కూడా ఉన్నాయట.

మా బచ్‌పన్‌లో మొహల్లాకో "సైకిల్ టాక్సీ" దుకాణం ఉండేది. పేరు టాక్సీయే గానీ, గంట లెక్కన అద్దెకిచ్చే సైకిళ్లవి. మడ్‌గార్డు మీద తెల్ల పెయింటుతో నంబరు. సీటు అందక, డండా కింద నుంచి కాలు పెట్టి "కైంచీ" కొడుతూ నేర్చుకున్న తరం మాది. పాతబస్తీలో పాలవాడు, కాతిబ్, జరీ పనివాడు, మౌల్వీసాబ్, లెక్చరరు అందరూ సైకిలే.

ఇప్పుడు షహర్‌లో సైకిల్ రెండు దునియాలుగా చీలిపోయింది. అవతల ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు, పైన సోలార్ కప్పుతో సహా. మంచిదే. ఇవతల పాతబస్తీలో చాయ్ కెటిల్ తగిలించుకుని తిరిగేవాడికి ట్రాకూ లేదు, కప్పూ లేదు. సైకిల్ మీద షహర్ చూడబోతూ, షహర్‌ను సైకిల్ మీద మోసినవాళ్లను ముందు యాద్ చేసుకోవడం ఫర్జ్ అనిపించింది.

ఫతే దర్వాజా: ఎవరు ఎవరితో కొట్లాడారు?

వెలుతురు పడేసరికి గోల్కొండ చేరాం. టికెట్ కొని ఎక్కే బాలా హిసార్ ఆ వేళకు తెరవరు. అయినా ఖిలా అంటే అదొక్కటే కాదు. బయటి కోట గోడల లోపల ఇవాళ్టికీ బస్తీలున్నాయి, మస్జిద్‌లున్నాయి, పిండి గిర్నీలున్నాయి. ఆ గల్లీల్లో సైకిల్ మీద తిరిగితే తెలుస్తుంది, ఇది ఖండర్ కాదు, జనం బతుకుతున్న ఊరని.

ఫతే దర్వాజా దగ్గర ఆగాం. ఏనుగులు కుమ్మకుండా తలుపులకు కొట్టిన ఇనుప మేకులను మా అమ్మాయి వేలితో తాకి చూసింది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు ఫౌజు ఈ ఖిలాను గెలిచింది. ఫిరంగులతో కాదు, రిష్వత్‌తో. అబ్దుల్లా ఖాన్ పానీ అనే సర్దార్ లోపలి నుంచి తలుపు తీశాడు.

"ఇద్దరూ ముసల్మాన్లే కదా అబ్బూ?"

హౌ, ఇద్దరూ ముసల్మాన్లే. గద్దె కోసం వచ్చిన పాదుషా, గద్దె కాపాడుకోవాలనుకున్న సుల్తాన్. ఓడిపోయిన అబుల్ హసన్ తానాషా దర్బారులో హుకూమత్ నడిపింది అక్కన్న, మాదన్న అనే తెలుగు బ్రాహ్మణ సోదరులు. వాళ్ల మేనల్లుడు కంచర్ల గోపన్నను, అంటే మన రామదాసును, ఇదే ఖిలా జైల్లో పెట్టింది కూడా ఇదే హుకూమత్. తారీఖ్‌ను మజహబ్ తక్కెడలో తూయబోతే రాళ్లు సరిపోవు. ఈ మాట టెక్స్ట్‌బుక్‌లో ఒక లైనులో ఉంటుంది. తలుపు మేకుల మీద చెయ్యి పెట్టి వింటే దిల్‌లో ఉంటుంది.

కార్వాన్: ముసాఫిర్ల మొహల్లా

లంగర్ హౌజ్, టప్పాచబుత్రా దాటితే కార్వాన్. పేరులోనే ఉంది, కారవాన్లు దిగిన చోటు. గోల్కొండ వజ్రాలంటాం గానీ గోల్కొండలో ఒక్క గనీ లేదు. వజ్రాలు దొరికింది కృష్ణా తీరంలో, గుంటూరు వైపు కొల్లూరు వంటి చోట్ల. గని కూలీలు అక్కడి తెలుగువాళ్లు. మచిలీపట్నం బందరు నుంచి పరదేశీ సరుకు వచ్చేది, వజ్రాలు ఇక్కడికి చేరేవి. గుజరాతీ సావుకార్లు, ఇరానీలు, అర్మేనియన్లు ఇక్కడే బేరం చేసేవాళ్లు. ఫ్రాన్స్ జౌహరీ టావెర్నియే కూడా ఈ మార్కెట్ కోసమే ఇంత దూరం వచ్చాడు.

ఆ దౌలత్ జమానాకు గవాహీ టోలీ మస్జిద్. 1671లో మూసా ఖాన్ కట్టించాడు. మక్కా మస్జిద్ పనులకు వెచ్చించిన ప్రతి రూపాయికీ ఒక దమ్డీ చొప్పున ఆయనకు దక్కేదనీ, ఆ దమ్డీలు కూడబెట్టి దీన్ని కట్టించాడనీ జనం చెప్పుకుంటారు. అందుకే దమ్డీ మస్జిద్ అని కూడా పేరు. గచ్చులో చేసిన నఖాషీ పని చూడండి, దగ్గరికి వెళ్లి చూడండి. బండి మీద పోతే పక్కనే ఉన్నా కనబడదు.

మా అమ్మాయికి ఇక్కడ మొదటి జవాబు దొరికింది. "అయితే ఇక్కడికి అందరూ ఎక్కణ్ణుంచో వచ్చినవాళ్లే?"

"ఆగు, ఇంకా పుల్ దాటలేదు" అన్నాను.

పురానా పుల్: తెలుగు సుల్తాన్

పురానా పుల్ 1578 నాటిది. 22 కమాన్లు. 1908 వరదకు మూసీ మీది మిగతా పుల్‌లు కొట్టుకుపోయినా ఇది నిలబడింది. ఇప్పుడు దీని మీద కూరగాయల బజార్. సైకిళ్లు దిగి నడిపించుకుంటూ పోయాం. ఒకవైపు కొత్తిమీర, ఒకవైపు చింతచిగురు.

ఈ పుల్ గురించి అందరికీ తెలిసిన ఖిస్సా ఒకటుంది. షహజాదా మహమ్మద్ కులీ, భాగమతిని కలవడానికి వరద మూసీలో గుర్రం దూకించాడనీ, తండ్రి ఇబ్రహీం కులీ భయపడి పుల్ కట్టించాడనీ. వినడానికి ఖూబ్‌సూరత్‌గా ఉంటుంది. కానీ లెక్క వేయండి. పుల్ కట్టేనాటికి షహజాదాకు పన్నెండు, పదమూడేళ్లు. నీ కన్నా చిన్నవాడని చెప్పేసరికి మా అమ్మాయి పకపకా నవ్వింది. పుల్ కట్టింది ఇష్క్ కోసం కాదు, ఇరుకైపోయిన గోల్కొండ నుంచి జనం, సరుకు అవతలి ఒడ్డుకు పోవడానికి.

నాకు ఈ పుల్ మీద ఆ కట్టించినాయనే ఎక్కువ యాద్‌కు వస్తాడు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా గద్దె ఎక్కక ముందు ఏడేళ్లు విజయనగరంలో అళియ రామరాయల పనాహ్‌లో బతికాడు. అక్కడే తెలుగు కవిత్వం రుచి తెలిసింది. తర్వాత 1565లో ఆ రామరాయల మీదికే మిగతా సుల్తాన్లతో కలిసి ఫౌజు తీసుకుపోయాడు. అదీ నిజమే, దాచడమెందుకు. కానీ తెలుగు మాత్రం ఆయన్ని వదల్లేదు. మన కవులు ఆయన పేరును మల్కిభరాముడు చేసేశారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితం. ఆయన సర్దార్, పటాన్‌చెరు అమీన్ ఖాన్‌కు పొన్నగంటి తెలగన్న యయాతి చరిత్ర అంకితమిచ్చాడు. అది మొట్టమొదటి అచ్చ తెలుగు కావ్యం. సంస్కృతం ముక్క లేకుండా తెలుగులో రాసిన తొలి కావ్యానికి కృతిభర్త ఒక ఖాన్ సాబ్!

పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి నేను. క్లాసులో ఒక్కణ్ణే సాయిబుల పిల్లగాణ్ణి. "నీకెందుకయ్యా తెలుగు?" అని అడిగినవాళ్లున్నారు. లెక్చరరుగారు యయాతి చరిత్ర పాఠం మొదలుపెట్టి అమీన్ ఖాన్ పేరు చెప్పిన రోజు నేను బెంచీలో నిటారుగా కూర్చున్నాను. ఆ రోజు నుంచి తెలుగు నాకు ఎవరో దయతో ఇచ్చింది కాదు, విరాసత్.

చార్మినార్: దస్తర్‌ఖాన్ మీద తారీఖ్

పుల్ దాటి పురానా పుల్ దర్వాజా, హుస్సేనీ ఆలం మీదుగా చార్మినార్ చేరేసరికి దుకాణాలు ఇంకా తెరవలేదు. 1591, హిజ్రీ వెయ్యో సంవత్సరం. ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చిన పేష్వా మీర్ మోమిన్ నక్షా గీశాడు. షహర్ కట్టించిన మహమ్మద్ కులీ ఉర్దూలో దీవాన్ కూర్చిన తొలి షాయర్. ఆయన దక్కనీ షాయరీలో ఈద్ ఉంది, బసంత్ ఉంది, మిరుగ్ ఉంది. మిరుగ్ అంటే మన మృగశిర కార్తె. తొలకరి వానకు పులకించిన సుల్తాన్‌ను విదేశీ అనడానికి మన రైతుకు నోరు రాదు.

అప్పటికి మాకు ఆకలి జోరుగా ఉంది. పొద్దున్నే తినడానికి ఇక్కడ రెండు బాటలు. మొదటిది నిహారీ. అరబ్బీలో నహార్ అంటే పగలు. రాత్రంతా సన్నని మంట మీద ఉడికిన నల్లీ, పాయా. పక్కన నాన్ గానీ కుల్చా గానీ. రాత్రి డ్యూటీ దిగిన మా అబ్బాలాంటి వాళ్లు ఫజర్ కాగానే తిని ఇంటికి పోయి పడుకునేవారు. పురానీ హవేలీ వైపు పోతే నాలుగు మూలల చార్‌కోనీ నాన్ తందూర్ నుంచి వేడిగా తీసి ఇస్తారు. రెండోది మన ఇళ్లలో రోజూ ఉండేదే: ఖిచిడీ, ఖీమా, ఖట్టా, పాపడ్.

"నిహారీ నక్కో, ఖిచిడీయే" అంది మా అమ్మాయి. ప్లేటు రాగానే నా పాఠం మొదలైంది. ఖట్టా ఏంటిది? చింతపండు పులుసులో నువ్వుల పొడి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పైన పోపు. ఇది మన పచ్చిపులుసుకు సొంత చెల్లెలు. బగారా బైంగన్, మిర్చీ కా సాలన్ కూడా అంతే. చింతపండు, నువ్వులు, పల్లీలు, కరివేపాకు. ఇవేవీ ఇరాన్ నుంచి రాలేదు, తెలుగు చేలలోంచి, తెలుగు వంటింట్లోంచి వచ్చాయి. షీర్‌మాల్‌లో షీర్ అంటే ఫార్సీలో పాలు, అది ఇరానీ రొట్టె. హలీమ్ అసలు అరబ్బుల హరీస్. నిజాం ఫౌజులోకి యమన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లు తెచ్చారు. వాళ్ల బ్యారక్సే ఇవాళ్టి బార్కస్. ఇప్పటికీ అక్కడ హరీస్ తీపిగా ఒకటి, ఉప్పుగా ఒకటి దొరుకుతుంది. ఆ హరీస్‌కు ఇక్కడి మసాలా పడి హైదరాబాదీ హలీమ్ అయింది, 2010లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. చివరికి మన మిర్చి, పల్లీ కూడా పోర్చుగీసు ఓడల్లో అమెరికా ఖండం నుంచి వచ్చినవే.

"ఈ ప్లేటులో ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారో విడదీసి పెట్టు చూద్దాం" అన్నాను.

అది ఖిచిడీలో ఖట్టా కలిపేసుకుని, "ఇప్పుడెట్లా విడదీస్తారు?" అంది.

తర్వాత ఇరానీ హోటల్. ఇరాన్ నుంచి బొంబాయి, పుణె మీదుగా వచ్చినవాళ్లు పెట్టిన హోటళ్లివి. డికాక్షన్ వేరు, పాలు వేరు కాచి కలిపిన చాయ్, తీపీ ఉప్పూ కలిసిన ఉస్మానియా బిస్కెట్. సాసర్‌లో పోసుకుని తాగడం మా అమ్మాయికి నేర్పాను. ఇంట్లో అమ్మీ ముందు చేయొద్దని కూడా చెప్పాను.

చింతచెట్టు

అక్కణ్ణుంచి పత్తర్‌గట్టీ. వరద తర్వాత సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన రాతి కమాన్ల బజార్. నయా పుల్ ఎక్కగానే హైకోర్టు కనబడుతుంది. దాని ముందు ఒక మాట చెప్పకపోతే బేఈమానీ అవుతుంది. ఈ గుంబజ్‌ల సొగసుకు జిల్లాల రైతుల శిస్తు కూడా ఖర్చయింది. జాగీర్లలో, దేశ్‌ముఖ్‌ల గడీల్లో వెట్టిచాకిరీ చేసినవాళ్లలో హిందువులున్నారు, ముసల్మాన్లున్నారు. రజాకార్ల జులుంను ఉర్దూలోనే రాసి ఎదిరించిన ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో, రాత్రి దఫ్తర్ నుంచి ఇంటికి పోతుంటే దారిలో చంపేశారు. నెల తిరగక ముందే పోలీస్ యాక్షన్ వచ్చింది. ఆ తర్వాతే మా దాదా పాలమూరు జిల్లా పల్లె వదిలి షహర్‌కు వచ్చారు. ఎందుకొచ్చారంటే మాట మార్చేవారు. మా ఇంట్లో "ఎక్కణ్ణుంచి వచ్చాం" అన్న సవాల్‌కు ఉన్న పక్కా జవాబు అదొక్కటే, నూటయాభై కిలోమీటర్లు కూడా లేని దూరం.

పుల్ దిగితే ఉస్మానియా దవాఖానా. వెనక ఆవరణలో, మూసీ ఒడ్డున ఒక చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. సుమారు పదిహేను వేల మంది పోయారని అంచనా. రుబాయీల షాయర్ అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క రోజులో తల్లిని, భార్యను, కూతుర్ని పోగొట్టుకున్నారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ జనం కోసం వంటశాలలు తెరిపించారు. ఆ మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన ఇచ్చిన స్కీముతోనే ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. మనం తాగిన నీళ్లు ఆ వరద ఇచ్చిన సబఖ్.

ఆ వరద రోజు ఈ చెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారు. మా అమ్మాయి చాలాసేపు కొమ్మల్లోకి చూసింది. "ఇది ఖట్టాలో వేసే చింతపండేనా?" అంది. అదే. అరబ్బులు దీన్ని తమ్ర్ హిందీ అన్నారు, అంటే హిందుస్తానీ ఖర్జూరం. ఇంగ్లీషువాళ్ల మాట కూడా అందులోంచే పుట్టింది. మనం ఇంట్లో ఇమ్లీ అంటాం, బజార్‌లో చింత అంటాం. ఇక్కడి చెట్టు, అరబ్బీ పేరు, మా దస్తర్‌ఖాన్ మీద పులుపు.

మీరు కూడా వెళ్లాలనుకుంటే కొన్ని మాటలు. ఐతారం ఫజర్ కాగానే బయల్దేరండి, తొమ్మిదిన్నర లోపు నయా పుల్ దాటేయండి, తర్వాత ట్రాఫిక్ సైకిల్‌ను బతకనివ్వదు. ఆడపిల్లల చున్నీ, షల్వార్ పాయంచా చైన్‌లో పడకుండా కట్టుకోవాలి. చార్మినార్ చుట్టూ దిగి నడవండి. తాళం మరవొద్దు, నీళ్ల సీసా మరవొద్దు. దవాఖానా దగ్గర మరీజుల దారికి అడ్డం రాకుండా చూసి వచ్చేయండి. తిరుగు దారిలో ఓపికుంటే మొజంజాహీ మార్కెట్‌లో ఆగి చేత్తో తిప్పిన ఐస్‌క్రీమ్ తినండి. పెద్దవాళ్లను కూడా రమ్మనండి, తొక్కలేకపోతే ఆటోలో వెనక వస్తారు. వాళ్లకు తెలిసిన తారీఖ్ ఏ కితాబులోనూ లేదు.

సోమవారం సాయంత్రం అడిగాను, "నీ దోస్తుకు ఏం చెప్పావ్?"

"ఒక్క జుమ్లాలో చెప్పడం రాలేదు అబ్బూ. వచ్చే ఐతారం ఖిచిడీ తినడానికి రమ్మన్నా. దానికి సైకిల్ లేదట."

ఇప్పుడు మూడో సైకిల్ వెతుకుతున్నాను. మీ మొహల్లాలో ఇంకా ఎక్కడైనా సైకిల్ టాక్సీ దుకాణం బతికి ఉంటే చెప్పండి.

ఖుదా హాఫిజ్.